ఉదయగిరికి మోసుకెళ్ళిన డిస్‌ప్లే కార్డు

మా పనిలో రిటైర్మెంటు కాగితం ఎవరూ ఇవ్వరు. కళ్ళే ఇస్తాయి. పోయిన ఏడాది ఒక లాప్‌టాప్ విప్పుతుంటే చిన్న స్క్రూ ఒకటి కనబడకుండా పోయింది. వెతకడానికి మా ఆవిడను, పక్క షాపు టైలరును, టీ తెచ్చినాయనను పిలిచాను. ముగ్గురూ నేలంతా తడిమారు. చివరికి అది నా చొక్కా జేబులోనే దొరికింది. టైలరు చూసిన చూపు చాలు. ఆ సాయంత్రమే స్క్రూడ్రైవర్ల సంచి మూత బిగించి, ఇక చాల్లే దాసూ అనుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో ఎట్టా నేర్చుకున్నారు సార్ అని అడుగుతారు. బస్సుల్లో తిరిగి నేర్చుకున్నాం, తిట్లు తిని నేర్చుకున్నాం, జనం పెట్టిన అన్నం తిని నేర్చుకున్నాం. ఏ స్లాట్‌లో ఏ కార్డు పెట్టాలో మీకు వీడియోల్లో చూపిస్తారు. ఆ కార్డు పెట్టబోయే ఇంట్లో ఏం జరుగుతుందో చూపించరు. నాకు తెలిసింది అదే కాబట్టి అదే రాస్తాను.

బస్సెక్కడమే మొదటి పని

తొంభైల చివర్లో ఆత్మకూరు బస్టాండు వెనక సందులో మా షాపు ఉండేది. షాపు నాది కాదు, సుబ్బరామయ్య గారిది. కంప్యూటరు రిపేరంటే ఆ చుట్టుపట్ల మేమే. చేజర్ల, కలువాయి, ఉదయగిరి, వరికుంటపాడు, ఎక్కడ తెర నల్లబడినా నేను సంచి భుజాన వేసుకుని బస్సెక్కాల్సిందే. మా అమ్మ ఆ సంచి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపేది. మాది బాప్టిస్టు కుటుంబం. ‘ప్రభువా, వీడి చేతిలో వస్తువులు కాలకుండా చూడు’ అని ఆమె రోజూ అడిగేది. నా చేతి మీద ఆమెకు ఉన్న నమ్మకం అంతే.

చేజర్లలో ఎరువుల షాపాయన ఒకసారి ఫోను చేసి, మొత్తం పోయింది, తెరమీద ఏమీ లేదు, వెంటనే రమ్మన్నాడు. ఎండలో పడి వెళ్ళాను. చూస్తే మానిటరు కింద వెలుతురు తగ్గించి పెంచే మర ఉంటుంది చూశారా, అది చివరి దాకా తిరిగి ఉంది. ఎవరో దుమ్ము తుడుస్తూ తిప్పేసినట్టున్నారు. నేను వేలితో ఇటు తిప్పాను. బొమ్మ వచ్చింది.

“ఇంతేనా?” అన్నాడాయన. చాలా నిరుత్సాహపడ్డాడు. పెద్ద జబ్బేదో ఉందని ఊరంతా చెప్పుకున్న మనిషికి చిటికెలో నయమైతే అట్లాగే ఉంటుంది.

ఈ సంగతి సుబ్బరామయ్య గారికి చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. “మూత విప్పి, లోపల నాలుగు ఊదులు ఊది, మళ్ళా బిగిచ్చి రావాల్నిరా. ఊరికే వేలు పెట్టి తిప్పితే మనకేం మర్యాద ఉంటాది?” అన్నాడు. ఆ మాట అప్పట్లో నాకు మోసంలాగా అనిపించింది. ఇప్పుడు సగమే మోసం అనిపిస్తుంది. ఎందుకంటే, ఊదడానికి మూత విప్పినప్పుడల్లా లోపల ఏదో ఒకటి కనబడేది. బల్లి గుడ్లు, వడ్ల ఊక, ఒకసారి చిన్నపిల్లల పలక బలపం. కాబట్టి పిల్లలూ, మర తిప్పితే సరిపోయిన చోట కూడా మూత విప్పండి. మర్యాద కోసం కాదు, బల్లి గుడ్ల కోసం.

సుబ్బరామయ్య గారు

ఆయన రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్లకు వచ్చినవాడు. పని విషయంలో ఆయనకు గట్టి నమ్మకాలు ఉండేవి. అందులో ఒకటి బంగారంలాంటిది, ఇంకొకటి చెత్త.

మంచిది ముందు చెప్తాను. కార్డు ఏదైనా సరే, పని చేయకపోతే దాన్ని బయటికి తీసి, స్లాట్‌లో దిగే అంచును పెన్సిలు రబ్బరుతో రుద్దమనేవాడు. ఆ అంచుకు వరుసగా సన్నని పళ్ళు ఉంటాయి, వాటికి బంగారు పూత. ఆ పూత మీద మన ఊళ్ళ దుమ్ము, చెమట పేరుకుంటే కార్డుకూ మెషినుకూ మాటలు ఉండవు. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దితే మళ్ళీ మాట్లాడుకుంటాయి. నా సంచిలో అన్నిటికన్నా చవక వస్తువు అదే, అన్నిటికన్నా ఎక్కువ కంప్యూటర్లను లేపింది కూడా అదే.

చెత్తది ఏమిటంటే, కస్టమరును ఏమీ అడగొద్దు అనేవాడు. “వాళ్ళు చెప్పేదంతా అబద్ధంరా దాసూ. ఏం చేసినారని అడిగితే, ఏం చెయ్యలేదంటారు. నువ్వు పార్టు మార్చేసి వచ్చెయ్” అనేది ఆయన పాఠం. వాళ్ళు అబద్ధం చెప్పరని, మనం అడిగే ప్రశ్నే తప్పని నాకు నేర్పింది సుబ్బరామయ్య గారు కాదు, ఉదయగిరి కోటమ్మవ్వ.

తెర లేకుండా టైపు

ఉదయగిరి బస్టాండుకు దగ్గర్లో విజయక్క టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. ఇల్లు ఆమె అత్త కోటమ్మవ్వది. వీధి వైపు గదిలో టైపు మిషన్లు, వాటి మధ్య బల్ల మీద ఒక కంప్యూటరు. నెల్లూరులో ఏదో ఆఫీసువాళ్ళు వాడి పక్కన పెట్టింది. ఆ రోజులకే అది పాతది. అయినా ఉదయగిరిలో ఆడపిల్లలు వెళ్ళి కూర్చుని నేర్చుకోవడానికి ఉన్న కంప్యూటరు అదొక్కటే. చెప్పులు బయట విప్పందే కోటమ్మవ్వ ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేది కాదు, నన్ను కూడా.

ఎండాకాలం మొదట్లో విజయక్క ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసింది. “దాసూ, తెర నల్లగా ఉండాది. లోపల ఫ్యాను మాత్రం తిరగతా ఉండాది. నువ్వు రావాల.”

వెళ్ళేసరికి కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తెర చీకటిగా ఉంది. ఆ అమ్మాయి మాత్రం టకటకా టైపు చేస్తూనే ఉంది. నేను వెనక నిలబడి కాసేపు చూశాను.

“ఏందమ్మా, దేన్ని చూసి కొడతా ఉండావు?” అన్నాను.

“తెర లేకపోతే ఏందన్నా, కీలు ఉండాయి గదా” అంది. రెండు కీలు నొక్కింది. పక్కనున్న ప్రింటరు గరగరమంటూ కాగితం వదిలింది. ఒక పేజీ ఇంగ్లీషు ఉత్తరం. తప్పులు చాలా తక్కువ. ఆన్ చేయగానే టైపు చేసే ప్రోగ్రాంలోకి పోయేలా ఆ మెషినును పెట్టింది నేనే. తరువాత నొక్కాల్సిన కీలన్నీ ఆ పిల్ల వేళ్ళకు తెలుసు. ఏం కొట్టిందో ప్రింటు తీసి చూసుకుంటోంది.

నా సర్వీసులో చాలామంది తెలివైనవాళ్ళను చూశాను. తెర చచ్చిపోయిన కంప్యూటరు మీద ప్రాక్టీసు చేసిన మనిషిని మాత్రం ఆమె ఒక్కతినే చూశాను.

పేరు మార్త. వరికుంటపాడు పక్క పల్లె. రోజూ బస్సులో వచ్చి పోయేది. వాళ్ళ నాయన అబ్రహాం పొగాకు బ్యారన్‌ల దగ్గర, అంటే ఆకు కాల్చే కొట్టాల దగ్గర పని చేస్తాడు. ఆయన కూతురికి ఒక గడువు పెట్టాడు. మండలాఫీసులకు కంప్యూటర్లు వస్తున్నాయి, ఆపరేటర్ల కోసం నెల్లూరులో పరీక్ష పెడుతున్నారు. ఆ పరీక్ష దాకా చదువుకో, అందులో రాకపోతే నాతోపాటు బ్యారన్ కాడికి రా, ఆకు ఏరుదువు అన్నాడు. కోపంతో అన్నది కాదు. ఇంట్లో పరిస్థితి అది.

“పరీక్షలో తెరమీద పట్టిక గీయమంటారంట అన్నా. తప్పుల్ని తెరమీదనే దిద్దమంటారంట” అంది మార్త. “కాగితం మీద అది నేర్చుకునేదానికి కుదర్లా.”

మూత విప్పి చూశాను. మెషిను నిక్షేపంగా ఉంది, లేకపోతే ఆ ఉత్తరం ప్రింటయ్యేది కాదు. మానిటరు కూడా బాగానే ఉంది. పోయింది డిస్‌ప్లే కార్డు, అంటే లోపలి లెక్కను తెరమీద బొమ్మగా పంపించే కార్డు. ఇప్పటి పిల్లలు గ్రాఫిక్స్ కార్డు అంటారు. చిక్కేమిటంటే అది పాతకాలపు పొడుగు స్లాట్‌లో దిగే కార్డు. అప్పటికి బజారులోకి కొత్తవన్నీ పొట్టి స్లాట్‌కు వచ్చేశాయి. నెల్లూరులో అడిగితే నవ్వారు.

సుబ్బరామయ్య గారు మద్రాసు వెళ్ళి, పాత సరుకు అమ్మే కొట్లలో తిరిగి, ఒక్క కార్డు పట్టుకొచ్చాడు. సంచిలోంచి తీసి నా చేతిలో పెడుతూ, “ఇది పోతే ఇంకోటి లేదురా. వాడి కాడ ఉన్నదే ఇదొక్కటి” అన్నాడు. కస్టమరుకు చేసే పని ఊరికే మూత విప్పి ఊదడమే అనుకునే మనిషి, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ కోసం ఎండలో మద్రాసంతా తిరిగాడు. మనుషుల్ని వాళ్ళు చెప్పే పాఠాలను బట్టి కొలవకూడదు.

శుక్రవారం భోజనం

శుక్రవారం పొద్దున కార్డును తువాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. మార్త పరీక్ష సోమవారం. పక్క సీటాయన రోడ్డు గుంతల్లో ఎగిరిపడుతూ, “చంటిబిడ్డా?” అని అడిగాడు. దాదాపు అంతే అన్నాను.

పాత కార్డు ఊడదీశాను. కొత్త కార్డును దాని కవరుతోనే ఒక టైపు మిషను పక్కన పెట్టాను. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి కోటమ్మవ్వ కేక వేసింది. “దాసూ, తిని చెయ్యి పని. ఆకలి కడుపుతో చేసిన పని నిలవదు.”

ఆమెతో వాదించే ధైర్యం ఉదయగిరిలో ఎవరికీ లేదు. వాళ్ళాయన, అంటే తాత, మంచం మీద పడుకునే నాకు వెళ్ళమని సైగ చేశాడు. పెరటి వసారాలో కూర్చున్నాను. విజయక్క వడ్డించింది. గోంగూర పప్పు, వడియాలు, గడ్డ పెరుగు. పని పోతే పోయింది, ఆ పప్పు మాత్రం ఈ రోజుకీ గుర్తుంది.

చేతులు కడుక్కుని వచ్చి కార్డు తీసి స్లాట్‌లో దించాను. అంచు పూర్తిగా దిగేదాకా రెండు బొటనవేళ్ళతో సమంగా ఒత్తి, స్క్రూ బిగించాను. స్విచ్చి వేశాను. తెర నల్లగానే ఉంది. దాంతోపాటు లోపల్నుంచి కూత వినబడింది, ఒక పొడుగు, రెండు పొట్టి. డిస్‌ప్లే కార్డు నాకు కనబడటం లేదు మొర్రో అని మెషిను పెట్టే మొర అది.

 ముందుగా చూడాల్సినవి చూశాను. ఇది రాసుకోండి. పాత క్యాబినెట్లలో వెనక రేకు వంకరగా ఉంటుంది. అక్కడ స్క్రూ బిగిస్తే కార్డు ముందువైపు పైకి లేచిపోతుంది, మీకు కనబడదు. స్క్రూ వదులు చేసి మళ్ళీ దించాను. మళ్ళీ అదే కూత. ఇంకో పొడుగు స్లాట్‌లో పెట్టాను. అదే కూత. కార్డు బయటికి తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాను. బంగారు పళ్ళు పచ్చగా తళతళలాడుతున్నాయి. కొంచెం పసుపు వాసన వచ్చింది. పప్పన్నం తిన్న చెయ్యి కదా, వేళ్ళ వాసన అనుకున్నాను.

ఇక మిగిలింది ఒకటే. మద్రాసు నుంచే చచ్చిపోయి వచ్చిన కార్డు. మార్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ప్రార్థన చేస్తోందని తెలిసి అటు చూడలేకపోయాను.

ఎస్టీడీ బూతుకు పరుగెత్తి సుబ్బరామయ్య గారికి ఫోను చేశాను. “ఎవురన్నా ఏమన్నా చేసినారేమో అడిగినావా?” అన్నాడు ఆయన. ఏమీ అడగొద్దని పాఠం చెప్పిన ఆయనే. మద్రాసులో తిరిగిన కాళ్ళ నొప్పి పాఠాన్ని మార్చినట్టుంది.

తిరిగొచ్చి అడిగాను. “నేను భోంచేసేటప్పుడు దీన్ని ఎవరన్నా ఏమన్నా చేసినారా?”

“ఎవురూ ఏం చెయ్యలేదు” అంది విజయక్క. మార్త తల అడ్డంగా ఊపింది. తాత మంచం మీద నుంచి, “మేమేం చేస్తాం నాయనా, మాకేం తెలుసు” అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పారు, వాళ్ళ లెక్క ప్రకారం.

అప్పుడు కోటమ్మవ్వకు కోపం వచ్చింది. “ఏందబ్బయా, మమ్మల్నంటావు? పసుపు పెట్టి, కుంకం పెట్టి, ఊదుకడ్డీ ముట్టిచ్చి, హారతి గూడా ఇచ్చినా. అయినా రాలేదంటే అది నీ చేతి గుణం.”

 నేను కార్డును కిటికీ వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళాను.

“అవ్వా, పసుపు యాడ పెట్టినావు?”

“యాడ పెడతారు? బంగారం ఉన్నకాడ పెట్టినా. బంగారాన్ని వదిలిపెట్టి ఇనుముకు పెడతారా ఎవురన్నా?”

బంగారు పళ్ళ మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తడి పసుపు సన్నగా పూసి ఉంది. బంగారం మీద పసుపు, ఎవరికి కనబడుతుంది? వాసన పట్టుకున్న ముక్కును నేనే నమ్మలేదు. కుంకుమ బొట్టు మాత్రం మర్యాదగా కార్డు వెనకవైపు ఒక మూలన ఉంది. అది నేను చూసి, కంపెనీవాడి గుర్తు అనుకున్నాను.

తుడవడం ఎవరి పని

నవ్వు వచ్చింది, భయమూ వేసింది. తడి పసుపుతో కరెంటు ఇచ్చాను కదా, లోపల ఏం కాలిందో తెలియదు. సంచిలోంచి రబ్బరు తీశాను. అంతలో కోటమ్మవ్వ నా చెయ్యి పట్టుకుంది.

“ఏం చేస్తా ఉండావు?”

“తుడుస్తా అవ్వా. పసుపు ఉంటే ఇది పని చెయ్యదు.”

“శుక్రవారం పూట, కొత్త వస్తువుకు పెట్టిన పసుపు తుడుస్తావా? నీకేమబ్బయా, కిరస్తానం పిల్లోడివి, నీకు పసుపంటే లెక్కుండదు. ఈ ఇంట్లో మొగుడు బతికున్న ఆడోళ్ళం ఇద్దరం ఉండాం. పసుపు కుంకాలు తుడవడం అంటే ఏందో తెలుసునా నీకు?”

తెలుసు. ఆ ఊళ్ళలో పుట్టి పెరిగినవాడికి తెలియకుండా ఉంటుందా? ఆ మాటకు విజయక్క ముఖం కూడా మారింది. తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ గదిలో ఉన్న ప్రతి టైపు మిషనుకూ నుదుట బొట్టు ఉంది. ఏళ్ళ తరబడి పెడుతున్నారు, వాటిలో ఒక్కటి కూడా మొరాయించలేదు. ఆమె లెక్కలో ఆమె తప్పు ఏమీ లేదు. నా లెక్కలో, అది తుడవకపోతే మార్త సోమవారం నెల్లూరు వెళ్ళి పట్టిక గీయలేదు, ఆ తరువాత బ్యారన్‌కు వెళ్తుంది. ఈ రెండు లెక్కల మధ్య నా చేతిలో పిల్లల రబ్బరు ఒకటి.

ఇంకొకరైతే ఆమె చూడకుండా అవతలికి తీసుకుపోయి తుడిచేసేవాళ్ళు. నాకూ ఆ ఆలోచన వచ్చింది. కానీ ఆమె అన్నం తిని లేచిన చెయ్యి అది. అదీగాక, ఆమెకు చెప్పకుండా చేస్తే రేపు ఆయుధపూజకు మళ్ళీ అక్కడే పెడుతుంది.

“అవ్వా, మా ఇంట్లో గూడా పసుపుకు లెక్కుండాది. మా అమ్మ కూరలో వెయ్యకుండా దించదు” అన్నాను. తాత నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

“ఒకటి అడగతా, చెప్పు. శుక్రవారం గడపకు పసుపు రాసే ముందు ఏం చేస్తావు?”

“కడుగుతా.”

“ఎందుకు? పోయిన వారం పసుపు ఉంటాది గదా. దాన్ని కడిగేస్తే కీడు కాదా?”

“పాతది పోకపోతే కొత్తది యాడ నిలుస్తాది?” అంది. అంటూనే ఆగింది. నా ముఖంలోకి చూసింది. ఆమె మామూలు మనిషి కాదు, నేను ఎక్కడికి తీసుకెళ్తున్నానో ముందే కనిపెట్టింది.

“అయితే కొత్తది యాడ పెట్టాల?” అని అడిగింది.

కార్డు చివర నిలువుగా ఉండే రేకు చూపించాను. మానిటరు వైరు తగిలించేది అక్కడే, క్యాబినెట్ బయటికి కనబడేదీ అదొక్కటే. “ఇదవ్వా దీని ముఖం. ఆ బంగారం దీని పళ్ళు. దేవుడికైనా బొట్టు నుదుటనే పెడతాం గానీ పళ్ళకు పెట్టం గదా.”

ఆమె చాలాసేపు ఆ రేకును చూసింది. ఆ తరువాత చెయ్యి చాపింది. “ఇటు తే. పెట్టింది నేను. తుడిస్తే గూడా నేనే తుడవాల. నువ్వు ముట్టుకోబాక.”

దూదిని స్పిరిట్‌లో ముంచి ఇచ్చాను. ఆమె నేల మీద కూర్చుని, ఏదో మంత్రం గొణుక్కుంటూ, పసుపంతా తుడిచింది. తరువాత రబ్బరు ఇచ్చి ఎటు నుంచి ఎటు రుద్దాలో చూపించాను. ఎన్నాళ్ళుగానో ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి అది, రుద్దింది చూడండి, మద్రాసు కొట్టువాడు చూస్తే కొత్త సరుకని అమ్ముకునేవాడు. నేను మందపాటి కాగితానికి గుడ్డ చుట్టి, స్లాట్ల లోపల అంటుకున్న పసుపు తీశాను.

కార్డు దించి స్విచ్చి మీద చెయ్యి పెట్టేసరికి కరెంటు పోయింది.

ఉదయగిరిలో మధ్యాహ్నం కరెంటు పోవడం వింత కాదు. కానీ కోటమ్మవ్వ నన్ను చూసిన చూపు మాత్రం మరిచిపోలేను. తుడవద్దంటే విన్నావా అన్నట్టు ఉంది. అందరం కూర్చున్నాం. నేను మాత్రం ఆ కరెంటు కోతకు మనసులో దండం పెట్టాను, స్పిరిట్ తడి పూర్తిగా ఆరడానికి వ్యవధి దొరికింది. మార్త కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని, నల్లటి తెర వంక చూస్తూ, వేళ్ళను కీల మీద ఆనించి ఉంచింది. నొక్కలేదు.

“భయంగా ఉండాదా?” అన్నాను.

“ఉండాదన్నా. బ్యారన్ కాడ పొగాకు ఘాటు నాకు పడదు. నాయనకు చెప్పలా” అంది మెల్లగా.

ఆ మాట కోటమ్మవ్వ విన్నది. లేచి లోపలికి వెళ్ళి, కుంకుమ భరిణె తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పైన ఫ్యాను ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. నేను స్విచ్చి వేశాను. కూత రాలేదు. తెర మూలన తెల్లగా ఒక గీత మినుకుమంది, తరువాత అక్షరాలు పైనుంచి కిందికి బిలబిలమంటూ దిగాయి. మార్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తాత మంచం మీద నుంచి, “వచ్చినాదా?” అని అడిగాడు.

“వచ్చినాది” అంది కోటమ్మవ్వ, తనే బిగించినట్టు. భరిణె తెరిచి, క్యాబినెట్ వెనక్కి వెళ్ళి, ఆ రేకు మీద చిన్న బొట్టు పెట్టింది. తిరిగొచ్చి మార్త చెవి పట్టుకుంది. “ఇంక లేవబాక. పట్టిక గియ్యి. ఈ రెండు దినాలు మా ఇంట్లోనే తిని, ఈడనే పడుకో. మీ నాయనకు నేను కబురు పెడతా.”

అడగాల్సిన ప్రశ్న

ఆ రోజు నుంచి నేను ప్రశ్న మార్చాను. ‘దీన్ని ఏం చేశారు?’ అని ఎవరినీ అడగలేదు. అట్లా అడిగితే తప్పు ఒప్పుకోమన్నట్టు వినబడుతుంది. అదీగాక, పసుపు పెట్టడం, ఎండలో ఆరబెట్టడం, దిష్టి తీయడం, ఇవన్నీ వాళ్ళ దృష్టిలో ‘చేయడం’ కాదు, బాగా చూసుకోవడం. అందుకని, ‘పొద్దున్నుంచి ఇంట్లో ఏమేం జరిగింది?’ అని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్నకు జనం సంతోషంగా, వివరంగా జవాబు చెప్తారు. కొంచెం ఓపిక పట్టాలి. మధ్యలో మేనకోడలి కాన్పు వస్తుంది, బోరులో నీళ్ళు పడకపోవడం వస్తుంది. వాటి వెనక మనకు కావలసింది వస్తుంది. కలువాయిలో ఒక హెడ్మాస్టరు గారి దగ్గర ఈ ప్రశ్నకు జవాబుగా రామాయణమంత కథ విన్నాను. చివర్లో, కంప్యూటరును దొంగల భయంతో బీరువాలో పడుకోబెట్టి తాళం వేస్తున్నారని తేలింది.

పార్టు మార్చడం ఎవరైనా నేర్చుకుంటారు. మీరు ఏ ఇంటికి వెళ్ళినా, ఆ ఇంటివాళ్ళు మీకన్నా ముందే ఆ మెషినును తమకు తెలిసిన పద్ధతిలో కాపాడటానికి ప్రయత్నించి ఉంటారు. దాన్ని వెక్కిరించకండి. అది కూడా రిపేరే, మన రిపేరుకు ముందు జరిగిన రిపేరు.

ఆ పరీక్ష ఫలితాలు వచ్చాక ఒక మధ్యాహ్నం మా షాపు గుమ్మంలో ఒక పెద్దాయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. పొగకు కమిలిన చేతులు, భుజాన తువాలు. వెనకే మార్త నవ్వుతూ ఉంది. అబ్రహాం అని వేరే చెప్పక్కర్లేదు. మార్తకు మండలాఫీసులో ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. “అయ్యా, ఆ రబ్బరు ముక్క ఏదో ఉండాదంట గదా. ఒక్కసారి చూపించండి” అన్నాడు.

సంచిలోంచి తీసి ఇచ్చాను. అరిగి అరిగి వేలి కొసంత మిగిలింది. ఒక అంచు ఇంకా పచ్చగా ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

“దీంతో రాలేదులే పెద్దయ్యా, నీ బిడ్డ వేళ్ళతో వచ్చినాది. తెర లేని రోజుల్లో గూడా కొట్టిన పిల్ల” అన్నాను.

“అది నాకు ఎరికే” అన్నాడు. రబ్బరు నా చేతిలో పెట్టి, నా వేళ్ళను దాని మీద మూశాడు. “బిడ్డకు పొగ పడదంట. కోటమ్మగారు కబురు పంపిందాకా నాకు తెలవదయ్యా. నాకు గూడా పడదు. ఇన్నేళ్ళలో నేనూ దానికి చెప్పలా.”

మార్త నవ్వు ఆపి వాళ్ళ నాయన వైపు చూసింది. ఆయన తువాలుతో ముఖం తుడుచుకుని, బస్సుకు టైమయిందని చెప్పులు వేసుకున్నాడు.